నత్తికి గడియారం పెడితే ఎలా?

సంపాదకుడు గారికి,

మూడో తరగతి ముగిసేనాటికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. దానితో నాకు పేచీ లేదు. గడియారం ముందు పెట్టుకుని చదివించేటప్పుడు నత్తి ఉన్న పిల్లల సంగతేమిటన్నదే నా ప్రశ్న. మా తరగతిలో ఒక పాప పాఠం మనసులో చదువుకుని, ప్రశ్నలన్నిటికీ తప్పు లేకుండా జవాబులు రాస్తుంది. అందరితో కలిసి పద్యం చెప్పేటప్పుడు నత్తే కనిపించదు. ఒక్కతినే లేపి పైకి చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. పట్టికలో మాత్రం ఆమె చదవడం రాని పిల్ల! పరీక్షించడానికి వచ్చిన పెద్దలు ‘కంగారు పడకుండా చదువమ్మా’ అంటారు. ఆ మాటతో ఉన్న కంగారు రెట్టింపవుతుంది.

చిన్నప్పుడు సుమారు నూటికి ఐదుగురికి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది, చాలామందికి తగ్గిపోతుంది కూడా. అందుకే ఇళ్లలో వస అరగదీసి నాలుకకు రాసి ఊరుకుంటారు. తగ్గని పిల్లల మాటేమిటి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో వాక్కు, భాషా వైకల్యం ఉంది గానీ, స్వరపేటిక తొలగింపు, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) వంటి కారణాలతో వచ్చే శాశ్వత వైకల్యమని దాని నిర్వచనం. నత్తి ఉన్న పాపకో, ‘కాకి’ని ‘తాతి’ అనే రెండో తరగతి బాబుకో ఆ లెక్కన ధ్రువపత్రం దొరకడం కష్టం.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ బాల స్వాస్థ్య బృందం ఏడాదికోసారి బడికి వచ్చి చూస్తుంది, అవసరమైతే జిల్లా కేంద్రానికి వెళ్లమంటుంది. స్పీచ్ థెరపీ ఒక్క రోజుతో అయ్యేది కాదు, నెలల తరబడి వారం వారం సాగాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ వెళ్లిన ప్రతిసారీ తల్లికి ఆ రోజు కూలి పోతుంది. మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వస్తున్నారు. స్పీచ్ థెరపిస్టు కూడా వారానికి ఒక రోజు వచ్చేలా చూడాలి.

అందుకు నిధులు, నియామకాలు కావాలంటారు, నిజమే. ఈలోగా పైసా ఖర్చు లేని పని ఒకటుంది. నత్తి ఉన్న పిల్లలకు నిమిషాల లెక్క మాని, మౌనంగా చదివించి, జవాబులు రాయించి మార్కులు వేయవచ్చని విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. వచ్చే పఠన పరీక్షలలోపే ఇవ్వవచ్చు.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా