మా పిల్లల్ని విమానం ఎక్కేముందు ఒక్కసారి ఆపి అడగండి

రాష్ట్ర ప్రవాసాంధ్రుల వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం అండి. నాది రాజోలు తాలూకా. పద్నాలుగేళ్లుగా మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్ నడుపుతున్నాను. పాస్‌పోర్టు దరఖాస్తు నింపడం, స్లాటు బుక్ చేయడం, వీసా కాగితాలు, టికెట్లు ప్రింటు తీయడం నా పని. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లినవాళ్లలో చాలామంది కాగితాలు నా చేతి మీదుగా వెళ్లినవే.

ఆ అనుభవంతో ఒక మాట చెప్తాను. పదో తరగతి పాసవ్వని మనిషి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలని ఉంటుంది. అలాంటి ఆడమనిషి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, ఒప్పందం ఈమైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కాలి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే వలసల అధికారి అనుమతి ఉండాలి, 10 లక్షల బీమా ఉండాలి. ఈ ఏర్పాటుకి కన్నాలు చాలా ఉన్నాయి. విజిటింగ్ వీసా మీద పంపించేసి ఆడవాళ్లని ఏడిపించిన ఏజెంట్లు మా దగ్గర తక్కువేం లేరు. అయినా చట్టం ప్రకారం వెళ్తే, ఫలానా మనిషి ఫలానా దేశంలో ఫలానా ఇంటికి పోతోందని ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది.

పది పాసైతే ఆ ముద్ర ఉండదు. బీటెక్ చదివిన కుర్రాడు ఏ దేశం వెళ్తున్నాడో, ఎవరి పిలుపు మీద వెళ్తున్నాడో అడిగేవాడే లేడు. చదువుకున్నాడు కాబట్టి తన మంచీచెడూ తనే చూసుకుంటాడని చట్టం అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం.

మా అక్క కొడుకు సంగతి చెప్తున్నాను. పేరు రాయను. ఇంజనీరింగ్ పూర్తిచేసి, రెండేళ్లు హైదరాబాదులో హాస్టల్లో ఉండి కోర్సులు నేర్చుకుని, ఉద్యోగం రాక ఇంటికొచ్చేశాడు. తోటలో కొబ్బరికాయల దింపుకి నాన్న వెనకాల వెళ్లేవాడు గానీ ఊళ్లో ఎవరైనా ఎదురొస్తే తల దించుకునేవాడు. అలాంటప్పుడు టెలిగ్రామ్‌లో ఒక ప్రకటన వచ్చింది. బ్యాంకాక్‌లో డిజిటల్ మార్కెటింగ్, నెలకి వెయ్యి డాలర్లు, బస, భోజనం కంపెనీదే. వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. ఇంగ్లీషు చూశారు, టైపింగ్ వేగం చూశారు. ఏజెంటు 1,60,000 కట్టించుకున్నాడు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ తప్ప తీసుకోకూడదని నాకు అప్పటికి తెలీదు. అక్క గాజులు తాకట్టు పెట్టింది. బావగారు రాబోయే రెండు దింపుల డబ్బు కొబ్బరి వ్యాపారి దగ్గర ముందే తెచ్చారు.

జీతంలో సగం యూఎస్‌డీటీ అనే క్రిప్టో, అంటే ఆన్‌లైన్ డబ్బులో ఇస్తామన్నారు. మావాడు నా షాపులో స్టూలు మీద కూర్చుని నాకు వివరించాడు. "మావయ్యా, ఇది బిట్‌కాయిన్‌లా పైకీ కిందకీ ఊగదు. ఒకటి ఒక డాలరుతో సమానం. మన గవర్నమెంటు కూడా డిజిటల్ రూపాయి తెచ్చింది కదా, ఇదీ అలాంటిదే." వాడు చెప్పిన మొదటి మాట నిజమే. రెండోది కాదు. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న మామూలు జనం కోసం మొదలుపెట్టిన ఈ-రూపాయి మన రూపాయే, దాని వెనకాల రిజర్వు బ్యాంకు ఉంది. యూఎస్‌డీటీ ఒక ప్రైవేటు కంపెనీ నడిపేది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి ప్రతి లావాదేవీ మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఏజెంట్లు దాన్నే రుజువుగా చూపిస్తున్నారండి. పన్ను తీసుకుంటున్నారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా అంటున్నారు. పన్ను వేరు, పూచీ వేరని మా కుర్రాళ్లకి తెలుగులో ఎవరూ చెప్పలేదు.

ఆ ఆఫర్ లెటరు రెండు కాపీలు కలర్‌లో నేనే తీసిచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ఆ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

బ్యాంకాక్‌లో దిగాక కారెక్కించారు. రాత్రంతా ప్రయాణం. మేసోట్ అనే ఊరు దాటాక చిన్న ఏటి ఒడ్డున దింపి పడవ ఎక్కమన్నారు. వాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చదువుకున్న పిల్లాడు, ఏరంటే భయం లేదు. ఎక్కేశాడు. అవతలి గట్టు మీద తుపాకులు చూశాకే అది మయన్మార్ అని తెలిసింది.

పాస్‌పోర్టు లాగేసుకున్నారు. పదేసి ఫోన్లు ఇచ్చారు. రోజుకి పద్నాలుగు, పదహారు గంటల పని. ఆ పని ఏమిటో మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను, ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకి తెలియాలి. నంబరు పొరపాటున కలిసినట్టు ఒక మెసేజ్ పెట్టాలి. అవతలివాళ్లతో వారాల తరబడి స్నేహం చెయ్యాలి. ఆరోగ్యం అడగాలి, పిల్లల గురించి అడగాలి. మెల్లగా ఒక ట్రేడింగ్ యాప్ చూపించాలి. ఐదు వేలు పెట్టిస్తారు, ఆరు వేలు వెనక్కి ఇస్తారు. నమ్మకం కుదిరాక లక్షలు పెట్టిస్తారు. తీసుకోబోతే ముందు పన్ను కట్టాలంటారు. ఆ డబ్బు యూఎస్‌డీటీగా మారి ఒక వాలెట్ నుంచి, అంటే క్రిప్టో దాచే ఆన్‌లైన్ ఖాతా నుంచి, ఇంకో వాలెట్‌కి పోతూ ఉంటుంది.

మావాడికి తెలుగు వచ్చు కాబట్టి తెలుగువాళ్ల నంబర్లే ఇచ్చారు. ఒకరోజు అవతల రిటైరైన పెద్దాయన తగిలారట. "మాది పాలకొల్లు బాబూ, నీ మాట వింటే మా వైపువాడిలా ఉన్నావే" అన్నారట. ఆ రాత్రి మావాడు ఆయన్ని హెచ్చరించే వీల్లేక నంబరు బ్లాక్ చేసేశాడు. మర్నాడు లెక్క తగ్గిందని ఎండలో నిలబెట్టారు. గోదావరికి ఇటుపక్క కుర్రాణ్ణి ఎత్తుకుపోయి అటుపక్క పెద్దాయన్ని దోచుకోమన్నారు, మంత్రి గారూ.

ఇలాంటి చోట్ల మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్షమంది బలవంతాన మగ్గుతున్నారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లోనే అంచనా చెప్పింది. విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే థాయ్‌లాండ్ ఐటీ ఉద్యోగాల మోసాల గురించి హెచ్చరించింది. 2024 మేలో విశాఖ పోలీసులు డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో కుర్రాళ్లని కంబోడియా పంపుతున్న ముఠాని పట్టుకున్నారు. ఇవన్నీ నేను తర్వాత వెతుక్కుని చదివాను. పొద్దున్నుంచి రాత్రి దాకా కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి, ఆ హెచ్చరిక సమయానికి నా కంటికే పడలేదు. మా అక్కకి ఎలా తెలుస్తుందండి?

2025 మార్చిలో మన వైమానిక దళం విమానాలు రెండు విడతల్లో 549 మందిని ఆ సరిహద్దు నుంచి ఇంటికి చేర్చాయి. మావాడు వాళ్లతో వచ్చాడు. దానికి చేతులెత్తి దండం పెడుతున్నాను. కానీ వచ్చాక ఒక కార్యాలయంలో కూర్చోబెట్టి ఎంతమందిని మోసం చేశావు, నీ వాటా ఎంత అని అడిగారు. ఏజెంటు గురించి చివర్లో రెండు ప్రశ్నలు. ఇప్పుడు ఫోను మోగితే వాడి చేతులు వణుకుతాయి.

వెళ్లొద్దని నేను అననండి. మా లంకల్లో ఎన్నో పాకలు డాబాలైంది గల్ఫ్ డబ్బుతోనే. గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి అందరికీ తెలుసు. ఆ రైతుల పిల్లలే ఇప్పుడు కంప్యూటర్లు చదివారు. వాళ్లు బయటి దేశం చూడకుండా ఎలా ఉంటారు?

నేను అడిగేది వాళ్లు బయల్దేరే ముందు సంగతి. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి హెల్ప్‌లైన్ ఉంది, కానీ జనం దానికి ఫోను చేసేది చిక్కుకున్నాకే. ప్రతి గ్రామ సచివాలయంలో ఒకరికి ఈ పని అప్పగించండి. విదేశీ ఉద్యోగమని ఎవరు కాగితం తెచ్చినా, ఆ ఏజెంటు పేరు ఈమైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసి ప్రింటు తీసి ఇవ్వాలి. పది నిమిషాల పని. ఉద్యోగమని చెప్పి టూరిస్టుగా పంపుతున్నారంటే ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏ డిగ్రీ ఉన్నా సరే, వెళ్లేవాళ్ల పేరు, చిరునామా, అక్కడి కంపెనీ, ఇక్కడి ఏజెంటు నంబరు ఒక పుస్తకంలో రాయించండి. బలవంతం వద్దు, అడిగితే మా వాళ్లు రాస్తారు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి ఏడాది పిల్లలకి క్రిప్టో జీతం గురించి, వాలెట్ల గురించి తెలుగులో ఒక పూట చెప్పించండి. యూపీఐలో పోయిన డబ్బుకి వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేస్తే బ్యాంకు ఆపే అవకాశం ఉంది. యూఎస్‌డీటీగా మారాక ఏ బ్యాంకు మేనేజరూ ఆపలేడు. దాన్ని నడిపే కంపెనీకి వాలెట్‌ని స్తంభింపజేసే వీలుంది గానీ పోలీసులు సమయానికి అడగాలి. అంటే మొదటి గంటలే ప్రాణం. మా సర్కిల్ స్టేషన్లలో ఆ పని తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపినవాడికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా 2,000 రూపాయల దాకా. మావాడి దగ్గర ఏజెంటు తీసుకున్నది 1,60,000. ఈ లెక్క మార్చమని మీరు కేంద్రానికి రాయండి. తిరిగొచ్చిన పిల్లల్ని బాధితులుగా చూడమని మన పోలీసులకి రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లకి తెలిసిన సంగతులు ఏ అధికారికీ తెలీవు, ఆదరిస్తే చెప్తారు.

నా షాపు అద్దం మీద ఇప్పుడు ఒక కాగితం అంటించాను. విదేశీ ఆఫర్ లెటరు తెచ్చినవాళ్లకి ఏజెంటు వివరం చూశాకే ప్రింటు ఇస్తానని రాశాను. కొందరు కోప్పడి పక్క షాపుకి పోతున్నారు. నిన్న సాయంత్రం మలికిపురం నుంచి ఒక కుర్రాడు లావోస్‌లో కస్టమర్ సపోర్టు ఉద్యోగమని కాగితం తెచ్చాడు. ఏజెంటు పేరు జాబితాలో దొరకలేదు. రేపు పొద్దున్న పదింటికి రమ్మన్నాను, వాళ్లమ్మని కూడా తీసుకురమ్మన్నాను. మా మేనల్లుడు కూడా షాపుకి వచ్చి కూర్చుంటానన్నాడు.

ఇట్లు,
రాజోలు తాలూకా నుంచి
ఒక నెట్ సెంటర్ యజమాని