నేను పేరు అడగడం మర్చిపోయిన పెద్దాయనకు

మా మామయ్య 1970ల్లో అమెరికా నుంచి తెచ్చిన కాక్స్ కంపెనీ బొమ్మ కారు అది. తాళం తిప్పేదో, బ్యాటరీదో కాదు, 0.8 సీసీ నిజం ఇంజనుది. గుంటూరులో దాని ఇంధనం దొరక్క రెండుసార్లు తిరిగి అటకెక్కింది.

మొన్న డల్లాస్‌లో మోడల్ విమానాలు ఎగరేసే మైదానానికి పట్టుకెళ్తే పిస్టన్ కదల్లేదు. టెన్షన్‌లో స్క్రూడ్రైవర్‌తో పొడవబోతుంటే మీరే నా చెయ్యి పట్టుకుని ఆపారు. అది విరగలేదట. ఇంధనంలో మెథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు ఆముదం కూడా ఉంటుంది కదా, అదే ఇన్నేళ్లకి బంకలా గట్టిపడిందట. (చిన్నప్పుడు నా తలకి పట్టించిన ఆముదమే!) వేడిగాలి కొట్టి, మెథనాల్ చుక్కలు వేసి, ఓపిగ్గా అరగంట కూర్చున్నారు. ఫ్లైవీల్ మెల్లగా తిరిగింది. ఇంధనాన్ని ఇంజనులోకి వదిలే గోరంత రీడ్ వాల్వుని కూడా కడిగారు. కాలిపోయిన గ్లో హెడ్ (ఇంధనాన్ని అంటించే తీగ ఉన్న మూత) తీసేసి మీ డబ్బాలోది బిగించారు. ఒకటిన్నర వోల్టు తగలగానే తీగ ఎర్రబడింది.

డబ్బు తీసుకోలేదు మీరు. ఇంజను అందుకున్న ఆ గోలకి నేను మీ పేరైనా అడగలేదు. చాలా థ్యాంక్సండీ. వీడియో చూసి మామయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. టైర్లు మాత్రం ఇంకా పగిలినవే.