పచ్చిక తీశాక ఏ మొక్కలు పెట్టాలి?

సంపాదకుల వారికి నమస్కారాలు.

గుంటూరులో మా ఇంటి ముందున్న 100 చదరపు గజాల జాగాలో ఆరేళ్ల పాటు పచ్చిక పెంచి, ఆపైన దాన్ని తీసేసి చెట్లూ పొదలూ వేసుకున్నవాణ్ణి. ఆ మేర నేలపై 5 మిల్లీమీటర్ల నీరు నిలపాలన్నా 400 లీటర్లకు పైగా కావాలి; మే నెలలో బోరు ఆగి ఆగి పోస్తుంటే అన్ని నీళ్లు గడ్డికి పెట్టడానికి మనసొప్పలేదు. అయితే అసలు చిక్కు మొక్కల ఎంపికలోనే ఎదురైంది.

త్వరగా పెరుగుతుందంటూ నర్సరీలో మొదట చూపించింది కోనోకార్పస్. దాన్ని నాటడాన్ని గుజరాత్ 2023లో నిషేధించిన సంగతి గుర్తుండబట్టి వద్దన్నాను.

మనది వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి. గోడవారగా పెద్ద చెట్టు పెడితే వేర్లు తేమను లాగేసి, నేల మరింత కుంగి, గోడ బీటలువారే ప్రమాదం ఉంది. అందుకే పడమటి ఎండకు అడ్డంగా ఒక్క కానుగను, అదీ గోడకు 15 అడుగుల ఎడంగా నాటాము. ఒకప్పుడు రైతులు పచ్చిరొట్టగా వరిమడిలో తొక్కించిన ఆకు దానిదే. పాత ఆకు రాల్చినా, ఎండలు ముదిరేసరికి కొత్త చిగురుతో నీడ పరుస్తుంది. వీధి వైపున్న పొగడ నిదానంగా పెరుగుతుంది, ఓపిక ఉన్నవారికే అది.

పొదల్లో నందివర్ధనం, పారిజాతం బాగా కుదురుకున్నాయి. సున్నం ఎక్కువగా ఉన్న మా మట్టిలో నూరువరహాలు మాత్రం ఆకులు పసుపెక్కి నిలదొక్కుకోలేదు. మనవలు తిరిగే ఇల్లు గనుక, నిలువెల్లా విషమైన గన్నేరు జోలికి పోలేదు. కరివేపను సీతాకోకచిలుక పురుగులు సగం తినేస్తున్నా మందు కొట్టడం లేదు. మిగిలిన సగం మా పులుసుకు చాలుతోంది.

పచ్చికలో దాగిన తుంగగడ్డల్ని తవ్వి ఏరకుండా మొక్కలు పెట్టడం దండగ. తొలకరి పడ్డాక, వాన నీరు మొక్క మొదలు దగ్గర నిలవకుండా మట్టిని కాస్త మెరకగా పోసి నాటాలి.

వానాకాలంలో మొక్కలు పంచే అధికారులకు నాదొక విన్నపం. ప్రతి మొక్కతోపాటు అది ఎంత ఎత్తు, ఎంత వెడల్పు పెరుగుతుందో, గోడకు ఎంత దూరంలో నాటాలో రాసిన చీటీ కూడా ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు