ఓర్చుకోవడం వేరు, తేరుకోవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

రోజువారీ ఒత్తిడిని తట్టుకోవడం గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పొద్దున్నే ధ్యానం చేయమని, వారంలో ఒక రోజు ఫోను ముట్టుకోవద్దని, ఏడాదికొకసారి ఎక్కడికైనా వెళ్ళి రమ్మని అందులో చెప్పిన సలహాలు మంచివే. అయితే మూడున్నరకే లేచి, పిల్లలకు వండిపెట్టి, అయిదింటి మొదటి బస్సు వేళకు డిపోలో హాజరు కావలసిన మనిషికి వాటిలో ఎన్ని అందుతాయన్న ఆలోచనతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను 26 ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి 2024లో పదవీ విరమణ చేశాను.

మా పనిలో పెద్ద ఆపదలు అరుదు; మనిషిని అరగదీసేవి చిన్న చికాకులే. చిల్లర లేదంటే తిట్లు, స్టాపు కాని చోట ఆపలేదని తగవు, టికెట్ మిషన్ మొరాయింపు, మధ్యదారిలో తనిఖీ, ట్రాఫిక్‌లో చిక్కుకుంటే తర్వాతి ట్రిప్పుకు ముందు దొరకవలసిన పది నిమిషాలు కూడా పోవడం, డ్యూటీ దిగాక లెక్కలో తగ్గిన సొమ్ము చేతి నుంచి కట్టడం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు, కూలికీ కాలేజీకీ వెళ్ళే ఆడపిల్లలు నిశ్చింతగా బస్సెక్కడం చూసి నేను మనసారా సంతోషించాను. కానీ కాలు పెట్టే చోటు లేని బస్సులో ఒక్కొక్కరికీ జీరో టికెట్ కొట్టుకుంటూ వెనక తలుపు దాకా వెళ్ళి రావడం ఎంత కష్టమో కూడా ఆ చివరి నెలల్లోనే తెలిసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మొదటి ట్రిప్పులో అయిదు వందల నోటు దగ్గర ఒకాయన అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు. నేను పళ్ళ బిగువున ఊరుకున్నాను. ఊరుకోవడమే ఓర్పు అనుకున్నాను. నాలుగో ట్రిప్పులో ఒక ముసలాయన తన ఊరు వచ్చిందా అని రెండోసారి అడిగినందుకు ఆయన మీద అరిచాను. ఆయన ఏమీ అనకుండా చేతులు జోడించి, తన స్టాపు రాకముందే దిగిపోయాడు. పొద్దున తిట్టినవాడి మీది కోపం ఆ పెద్దాయనకు తగిలిందని నాకు అప్పుడే అర్థమైంది. ఆ రోజు నాతో డ్యూటీ చేసిన డ్రైవరన్న, ‘చెల్లెమ్మా, ఏ ట్రిప్పు గొడవ ఆ ట్రిప్పులోనే దించెయ్యాలి, డిపో దాకా మొయ్యకూడదు’ అన్నాడు.

ఎలా దించాలో కూడా ఆయన దగ్గరే చూసి నేర్చుకున్నాను. బస్సు చివరి స్టేజీకి చేరగానే ఆయన సీట్లో కూర్చోకుండా దిగి, టైర్లు చూసే మిషతో బస్సు చుట్టూ రెండు సార్లు నడిచేవాడు. నా కూతురు నర్సింగ్ చదివే రోజుల్లో, లండన్ బస్సులలో రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వస్తున్నాయని జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లోనే గమనించాడని చెప్పినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ డ్రైవరన్న నడకే. ఎవరైనా మీదికి అరిస్తే గుండె వేగంగా కొట్టుకోవడం శరీర ధర్మమనీ, ఊపిరి వదిలేటప్పుడు ఆ వేగం కాస్త తగ్గుతుందనీ కూడా తనే వివరించింది. అప్పటి నుంచి గొడవ జరిగిన వెంటనే తర్వాతి టికెట్ కొట్టకుండా, కడ్డీ పట్టుకుని నిలబడి, పీల్చినదాని కన్నా నెమ్మదిగా నాలుగైదు సార్లు ఊపిరి వదిలేదాన్ని. ముందు రాత్రే పది రూపాయల నోట్లూ నాణేలూ విడివిడిగా సంచిలో సర్దుకునేదాన్ని. ఇంటికి రెండు వీధుల ముందే ఆటో దిగి నడిచేదాన్ని; పిల్లల ముందు నిలబడే సరికి ముఖంలో బస్సు కనిపించకూడదని నా పట్టుదల.

ఇవన్నీ చాలా చిన్న పనులు. అవమానాన్ని మింగి కూర్చోవడం ఓర్చుకోవడం. దాని నుంచి బయటపడి మళ్ళీ మామూలు మనిషి కావడం తేరుకోవడం. మన ఇళ్ళలో, ముఖ్యంగా ఆడపిల్లలకు, మొదటిది నేర్పినంతగా రెండవది నేర్పరు.

అయితే తేరుకోవడానికి కాస్త వ్యవధి, కాస్త చోటు కావాలి. మరుగుదొడ్డి లేని స్టేజీల భయంతో మేము వేసవిలో కూడా నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం; గొంతెండిన మనిషికి నిదానం ఎక్కడి నుంచి వస్తుంది? పనిభారం ఎక్కువై, ఆ పని మీద మనిషికి ఏ అదుపూ లేనిచోట ఒత్తిడి బాగా దెబ్బతీస్తుందని అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే రాశాడు. కాబట్టి ఉద్యోగులకు నిబ్బరం గురించి శిక్షణ ఇచ్చే అధికారులు ముందుగా ట్రిప్పుల మధ్య విరామాన్ని కాగితం మీదే కాక రోడ్డు మీద కూడా దక్కేలా చూడాలి.

వీటన్నిటితోనూ తేరుకోలేని వాళ్ళు కూడా ఉంటారు. నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేక నలిగిపోయిన సహోద్యోగులను నేను చూశాను. మానసిక బాధల్లో ఉన్నవాళ్ళకు సాయపడేందుకు ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చునని వారిలో చాలామందికి తెలియదు. ప్రతి డిపోలోనూ డ్యూటీ చార్టు అంటించే బోర్డు మీద ఆ నంబరును పెద్ద అక్షరాలతో రాయించవలసిందిగా అధికారులను, దానిని తరచుగా ప్రచురించవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత మహిళా కండక్టరు, ఖమ్మం జిల్లా