మోటారుకు ఆ లెక్క కుదరదు

సంపాదకులకు నమస్కారం.

సోమవారం మీ పత్రిక పదో తరగతి పేజీలో ఇచ్చిన విద్యుత్తు లెక్కల్లో మూడోదాని గురించి ఈ ఉత్తరం. 230 వోల్టుల మీద నడిచే నీటి మోటారు 3.5 ఆంపియర్లు తీసుకుంటే దాని నిరోధమెంత, సామర్థ్యమెంత అని అడిగారు. జవాబు 65.7 ఓంలు, 805 వాట్లు అని వేశారు. భాగహారం సరిగ్గానే ఉంది, గుణకారమూ సరిగ్గానే ఉంది. అందులో మోటారు ఉండటమే తప్పు.

నేను మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్‌ని. సరిగ్గా అలాంటి అర హార్స్‌పవర్ మోటారు ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాన్ని తిప్పే తీగచుట్ట, అంటే రన్నింగ్ కాయిల్, రెండు కొసలకూ మీటరు పెడితే 10 ఓంలు చూపిస్తోంది. మీరు వాడిన ఓమ్ సూత్రమే పట్టుకుని వోల్టులను ఓంలతో భాగిస్తే అది 23 ఆంపియర్లు లాగాలి. లాగదు. మోటారు తిరుగుతున్నంతసేపూ దాని కాయిల్‌లోనే ఎదురు వోల్టేజీ పుట్టి, వచ్చే కరెంటును అదుపులో ఉంచుతుంది. పంపులో రాయి ఇరుక్కుని షాఫ్టు ఆగిపోయిందా, ఆ అదుపు పోతుంది, కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పోతే, నీళ్లు తోడుతున్నప్పుడు ఈ మోటారు నిజంగా తీసుకునేది 620 వాట్లు. వోల్టులను ఆంపియర్లతో గుణించి ఊరుకుంటే చాలదు, పవర్ ఫ్యాక్టర్‌తోనూ, అంటే ఆ గుణకారంలో నిజంగా ఖర్చయ్యే వంతుతోనూ గుణించాలి. దీనికది 0.77.

పరీక్షలో రెండు మార్కుల లెక్కకు ఇంత రాద్ధాంతమా అంటారేమో. మొన్న వేసవిలో ఒక డిగ్రీ కుర్రాడు కాలిన మోటారు మోసుకొచ్చాడు. సాయంత్రాలు వాళ్ల వీధిలో 180 వోల్టులకు మించి రావడం లేదట. "వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు కూడా తగ్గాలి కదండీ, మరెందుకు కాలింది?" అని నన్నే నిలదీశాడు. అతని తప్పేముంది, బడిలో అలాగే నేర్పాం. నీళ్ల బరువు మోటారు మీద అంతే ఉంటుంది కాబట్టి, వోల్టేజీ పడిపోతే ఆ లోటును అది కరెంటుతో పూడ్చుకుంటుంది. 3.5 ఉన్నది 4.5 ఆంపియర్ల దాకా పోతుంది. ఆంపియర్ల వర్గాన్ని ఆ 10 ఓంలతో గుణించి చూడండి: తీగలో పుట్టే వేడి 122 వాట్ల నుంచి 202కు చేరుతుంది. ముందు తీగ మీది ఎనామిల్ పూత మాడిన వాసన, ఆ తర్వాత నా దగ్గరికి ప్రయాణం. నాకు గిరాకీయే అనుకోండి, కానీ రాగి ధర చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడలేను.

1827లో ఓమ్ పుస్తకం వేసింది తీగల్లో పారే కరెంటు గురించి. ఆయన సూత్రం చక్కగా ఒప్పే వస్తువు ప్రతి ఇంట్లోనూ ఉంది, నీళ్లు కాచుకునే రాడ్డు. 1500 వాట్లు, 230 వోల్టులు అని దాని మీదే రాసి ఉంటుంది. అంటే 6.5 ఆంపియర్లు, 35 ఓంలు. అదే రాడ్డుకు 180 వోల్టులే అందితే 5.1 ఆంపియర్లు, సుమారు 920 వాట్లు. బకెట్టు నీళ్లు కాగడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టేది అరగంట పడుతుంది.

వచ్చే సోమవారం సవరణ వేసేటప్పుడు మోటారు తీసేసి ఈ రాడ్డును పెట్టండి. బల్బును మాత్రం పెట్టకండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకు లెక్కలో 529 ఓంలు వస్తాయి. ఆర్పి చల్లారాక మీటరు పెడితే 40 దగ్గర ఆగుతుంది, పిల్లలు మళ్లీ మీకే ఉత్తరాలు రాస్తారు.

– ఒక మోటారు వైండింగ్ మెకానిక్, తణుకు