దీపాలు దారికి వేయండి, ఆకాశానికి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది అనంతపురం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సైన్స్ పరీక్షలో నక్షత్రాలకూ గ్రహాలకూ తేడా రాయమంటే, నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి, గ్రహాలు నిలకడగా వెలుగుతాయి అని రాసింది. పూర్తి మార్కులు వేశారు. ‘నువ్వెప్పుడైనా చూశావా?’ అని అడిగితే, ‘ఎక్కడ కనిపిస్తాయమ్మా?’ అంది. ఆ రాత్రే మిద్దె మీదికి తీసుకెళ్లాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల సర్కిల్‌లో హైమాస్ట్ లైటు ఉంది. దాని వెలుగులో మిద్దె మీద కూర్చుని మీ పేపర్ చదువుకోవచ్చు. కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని వెతికితే ఐదారు చుక్కలు కనిపించాయి, అంతే. పిల్ల రాసిన జవాబు నిజమో కాదో చూపించలేకపోయాను. నాకు చాలా బాధేసింది.

ఈ సంక్రాంతికి కళ్యాణదుర్గం వైపు మా పుట్టింటికి వెళ్లాం. అమావాస్యకు ఇంకా మూడు రోజులుంది. రాత్రి తొమ్మిదికి ఊరి బయట కల్లం దగ్గర చాప పరిచాం. అమ్మాయి మొదట ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. తూర్పున పైకొచ్చిన గురుడు అన్నిటికంటే పెద్దగా, కొంచెం పసుపు తిరిగి, కదలకుండా వెలుగుతున్నాడు. దానికి కుడివైపు, కాస్త కిందుగా లుబ్ధకం, అదే సిరియస్, ఎర్రగా ఒకసారి, నీలంగా ఒకసారి తళుకుమంటోంది. రెండింటినీ మార్చి మార్చి చూసి, ‘అమ్మా, ఇది గ్రహం, అది నక్షత్రం, అవునా?’ అని తనే అంది. నక్షత్రం ఎంతో దూరాన ఉంటుంది కాబట్టి మనకు చుక్కలాగే కనిపిస్తుంది. ఆ సన్నటి వెలుగును గాలి అటూ ఇటూ కదిలిస్తుంది. గ్రహం దగ్గర్లో ఉన్న చిన్న బిళ్ల. బిళ్లలోని ఒక్కో చోటు నుంచి వచ్చే వెలుగు ఒక్కోలా కదిలినా, మొత్తం మీద నిలకడగానే ఉంటుంది. బడిలో ఒక్క వాక్యంగా నేర్చుకున్నది అక్కడ కల్లంలో తనకు అర్థమైంది.

మా జేజి బడి ముఖం చూడలేదు. శెనక్కాయ కుప్పలకు కాపలా పడుకున్న రాత్రుల్లో చుక్కలను చూసే టైము చెప్పేది. వరుసగా ఉన్న మూడు చుక్కలను గొల్లకావడి అనేది, గుంపుగా ఉన్న కృత్తికలను పిల్లలకోడి అనేది. వేగుచుక్క పొడిస్తే లేచి చద్ది కట్టేది. ఆ వేగుచుక్క శుక్రగ్రహమని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. శుక్రుడు మన ఆకాశంలో సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకే పొద్దు పొడిచే ముందు తూర్పునో, పొద్దు గుంకాక పడమటనో కనిపిస్తాడు గానీ నడిరాత్రి నడినెత్తికి రాడు. జేజికి ఈ లెక్క తెలియదు, చూపు తెలుసు. మా అమ్మాయికి లెక్క తెలుసు, చూసే వీలు లేదు. జేజికి ఉన్నది మనవరాలి బిడ్డకు లేకుండా పోయింది.

మన జిల్లాకు వానలు తక్కువ, దేశంలోనే అతి తక్కువ కురిసే చోట్లలో ఒకటి. ఆ కష్టం ఎంతటిదో రైతు ఇళ్లలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. కానీ మబ్బు లేని రాత్రులు మనకున్నన్ని చాలా ప్రాంతాలకు లేవు. పైగా మనం దక్షిణాన ఉన్నాం. లుబ్ధకం తర్వాత అంత కాంతి గల అగస్త్య నక్షత్రం ఢిల్లీలో నేలకు ఆనుకున్నట్టు తొమ్మిది డిగ్రీల ఎత్తు దాకే వస్తుంది. అనంతపురంలో 22 డిగ్రీల పైకి వస్తుంది. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదికి దక్షిణం వైపు త్రిశంకు నక్షత్రాలు నిటారుగా నిలబడతాయి, అదే వేళకు ఉత్తరాన సప్తర్షులు. పెళ్లిలో పట్టపగలు వేలెత్తి చూపించే అరుంధతి నిజంగా కనిపించేది అప్పుడు.

వీధిలైట్లు తీసేయమని నేను అడగడం లేదు. నేనూ ఆడదాన్నే, పని నుంచి ఇంటికి వచ్చేసరికి రాత్రవుతుంది, చీకటి సందుల్లో నడిచినప్పుడు ఉండే టెన్షన్ నాకు తెలుసు. నేను అడిగేది వెలుగు రోడ్డు మీద పడాలని. ఇప్పుడు కొన్ని కొత్త రోడ్ల మీద దీపాలు ముఖాలు పైకెత్తి ఉన్నాయి. బండి మీద ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి, ఆ మెరుపు వల్ల పక్కన నీడలో నిలబడ్డ మనిషి కనిపించడు. పాత పసుపు దీపాల స్థానంలో వచ్చిన తెల్లటి ఎల్ఈడీల్లో నీలం వెలుగు ఎక్కువ. నీలం వెలుగు గాలిలో ఎక్కువగా చెదురుతుంది. అందుకే ఊరి మీద తెల్లటి పొగ పరుచుకున్నట్టు ఉంటుంది. పైకి పోయిన ఆ వెలుగుకూ కరెంటు బిల్లు మనమే కడుతున్నాం. దీపానికి పైన గొడుగులా కప్పు వేయడం, ముఖం నేలకు దించడం, 3000 కెల్విన్‌కు (వెలుగు రంగుకు కొలత, ఇది పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) మించని పసుపు రంగు దీపాలు ఎంచుకోవడం, రాత్రి 11 తర్వాత హైమాస్ట్ వెలుగు సగానికి తగ్గించడం పెద్ద ఖర్చు పనులు కావు. నగరపాలక సంస్థ కొత్త దీపాలకు పిలిచే టెండర్లలో ఈ షరతులు రాస్తే చాలు.

లద్దాఖ్‌లోని హన్లేలో 2022 నుంచి చీకటి ఆకాశాన్ని రిజర్వుగా కాపాడుతున్నారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో మన దేశంలో తొలి డార్క్ స్కై పార్క్ అయింది. మన పక్కనే కడప జిల్లా గండికోట ఉంది. రాత్రి గుడారాల్లో ఉండేందుకు జనం వెళుతున్నారు, టూరిజం పనులు నడుస్తున్నాయి. ఆ లోయ అంచున ఫ్లడ్‌లైట్లు పెట్టాక వాటిని తీయించడం కష్టం. పెట్టకముందే ఆలోచించమని అధికారులను చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఆకాశం తెలియకపోతే భయాలు కూడా పుడతాయి. శుక్రుడు బాగా వెలిగే రోజుల్లో ‘డ్రోన్ తిరుగుతోంది’ అని మా వీధి వాట్సాప్ గ్రూపులో వీడియోలు వస్తాయి. వాళ్లను తప్పు పట్టను. 2012-13లో లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు నెలల తరబడి డ్రోన్లు అనుకుని గమనించిన వెలుగులు గురుడు, శుక్రుడు అని బెంగళూరులోని ఖగోళ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు.

ఈ 2026 వేసవి సాయంత్రాల్లో శుక్రుడు పడమట కనిపిస్తాడు. జూన్ 9 ప్రాంతంలో గురుడు, శుక్రుడు పక్కపక్కకు వస్తారు. పొద్దు గుంకిన రెండు గంటలలోపు చూడాలి. టెలిస్కోప్ అక్కర్లేదు, పడమట అడ్డం లేని మైదానం చాలు. ఆ వారంలో ఒక్క సాయంత్రం నగరంలోని మైదానాల్లో ఫ్లడ్‌లైట్లు ఒక గంట ఆపించాలని నగరపాలక సంస్థను, పిల్లలను అక్కడికి పిలిపించాలని విద్యాశాఖను కోరుతున్నాను. సైన్స్ టీచర్లు చాపలు తెస్తే చాలు. మా వీధి పిల్లలను తీసుకొచ్చే పూచీ నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనంతపురం