మూడో కోర్సు మొదలెట్టకముందు కల్చర్ చేయించరా సత్తిబాబూ

ఒరేయ్ సత్తిబాబూ,

"మళ్ళీ మూత్రంలో మంట మొదలైందిరా, ఆర్‌ఎంపీ గారు ఇంకో యాంటీబయాటిక్ కోర్సు రాశారు, వాడెయ్యనా?" అని ఎంత తేలిగ్గా అడిగావురా! వద్దు. ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ల మోతలో సగం విని "సరే సరే" అనేస్తావు, అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదనుకో, ల్యాబ్ వాడిని. కాకపోతే అమలాపురం చుట్టుపక్కల జనం తెచ్చే యూరిన్ సీసాలు చూసీ చూసీ, ఎవరు ఎక్కడ ఆలస్యం చేస్తారో బాగా తెలిసిపోయింది.

మొదటి ఆలస్యం "వేడి చేసిందిలే" దగ్గరే. ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజులు, చెమటకి ఒంట్లో నీళ్ళన్నీ పోయి మూత్రం చిక్కగా పసుపుపచ్చగా వస్తుంది, దాంతో కొబ్బరినీళ్ళు, బార్లీ, సబ్జా, ఎవరింట్లో చూసినా ఇదే వైద్యం. తాగొద్దనను, నీళ్ళు బాగా పడితే మంచిదే. మెడికల్ షాపులో ఇచ్చే ఆ పుల్లటి సిరప్‌తో మంట తగ్గే మాట కూడా నిజమే. కానీ మంట తగ్గినంత మాత్రాన లోపల క్రిమి చచ్చినట్టు కాదు. యాంటీబయాటిక్ సరిగ్గా పడితే రెండు మూడు రోజుల్లో తేడా తెలియాలి. మూడో రోజుకీ మంట అలాగే ఉన్నా, తగ్గిందనుకున్నది కోర్సు అయిన రెండు వారాల్లోపే తిరగబెట్టినా, ఇక ఊళ్ళో చీటీలతో లాగించకూడదు. నీకు జరిగింది ఈ రెండోదే.

చెరువులో రొయ్య ముడుచుకుపోతుంటే నువ్వేం చేస్తావు? నీళ్ళు, రొయ్య రెండూ ల్యాబ్‌కి పంపి, ప్లేటు మీద ఎల్లో కాలనీలా గ్రీన్ కాలనీలా, విబ్రియో క్రిమి ఎంత ఉందో చూసుకుని గానీ మందు సంచి విప్పవు. లక్షల పంట కదా! మరి నీ ఒంటి దగ్గరికొచ్చేసరికి చూడకుండానే రెండు కోర్సులు మింగేశావు. మా దగ్గరా అదే పనిరా, దాన్నే కల్చర్ అంటాం. నీ మూత్రం ఒక సన్న తీగ లూప్‌తో తీసి ప్లేటు మీద గీస్తాం, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెడతాం, ఎక్కువమందికి ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై అయితే పొద్దున్నకి మాకాంకీ ప్లేటు మీద గులాబీ రంగు చుక్కలు తేలతాయి. తర్వాత ఏ మందుకి లొంగుతుందో చూస్తాం. రిపోర్టులో మందు పేరు పక్కన ఎస్ ఉంటే పనిచేస్తుంది, ఆర్ ఉంటే ఆ మందుకి అది మొండికేసిందని. మన దగ్గర సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి పాత మందుల పక్కన ఆర్‌లు ఎన్ని పడుతున్నాయో చూస్తే దిగులేస్తుంది. మొత్తం రెండు మూడు రోజుల పని. ఆ కాస్త ఓపిక పడితే గుడ్డిగా ఇంకో మందు మింగే పని తప్పుతుంది.

రెండోసారి నీకిచ్చింది నైట్రోఫ్యూరంటాయిన్ అని చీటీ ఫోటోలో చూశాను. మీ చెరువుల్లో వాడకూడదని నిషేధించిన నైట్రోఫ్యూరాన్ల కుటుంబానిదే అది, పేరు చూసి నవ్వొచ్చింది. మనిషికి మూత్రాశయంలో ఇన్ఫెక్షన్‌కి మాత్రం మంచి మందు. చిక్కల్లా, ప్రోస్టేట్‌లోకీ (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కిడ్నీ కండలోకీ చాలినంత చేరదు. నీ విషయంలో నాకు ప్రోస్టేట్ మీదే అనుమానం. మగవాళ్ళకి మూత్రనాళం పొడుగు, క్రిమి పైకెక్కడం కష్టం, కాబట్టి మగాడికి ఒకసారి వచ్చినా ఎందుకొచ్చిందో చూడాలంటారు, నీకు తిరగబెట్టింది కూడా. పైగా యాభై దాటాక ధార సన్నబడిందని, అయిపోయిందనుకున్నాక కూడా చుక్కలు పడుతున్నాయని నువ్వే అన్నావు. లోపల మూత్రం కొంచెం మిగిలిపోతుంటే క్రిమికి అక్కడే ఇల్లు దొరికినట్టు. స్కానింగ్‌లో మూత్రం పోసే ముందూ పోశాకా రెండుసార్లు చూసి ఎంత మిగిలిందో కొలుస్తారు, రాళ్ళుంటే అవీ కనబడతాయి. ప్రోస్టేట్‌కే ఇన్ఫెక్షన్ పడితే మందు వారంతో సరిపోదు, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు వాడమంటారు. అన్నట్టు, ఎవరైనా పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష కూడా చేయించెయ్యమంటే ఇప్పుడే తొందరపడకు. ఇన్ఫెక్షన్‌లో అది ఊరికే పెరిగి కనబడుతుంది, నిద్ర పాడు. తగ్గాక ఆరు వారాలైనా ఆగి చేయిస్తే నిజం తెలుస్తుంది.

షుగర్ సంగతి వేరే చెప్పాలా? షుగర్ ఉన్నవాళ్ళకి ఇది కిడ్నీకి పాకితే తొందరగా ముదురుతుంది. నువ్వు వాడే షుగర్ మాత్ర డాపాగ్లిఫ్లోజిన్ అయితే ఆ మాట డాక్టరుగారికి తప్పకుండా చెప్పు, అది షుగర్‌ని మూత్రంలోకి తోసేస్తుంది కాబట్టి కొందరికి అక్కడ ఫంగస్ పట్టి దురద, మంట వస్తాయి. నీ అంతట నువ్వు మానేయకు మాత్రం.

ఇక ఈ మాటలు మీ ఆవిడకి కూడా వినిపించు, ఎందుకంటే ఆ టైముకి నిన్ను నువ్వు నమ్మేలా ఉండవు. చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, వెనక పక్కటెముకల కింద ఒక పక్క నొప్పి పట్టినా, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా కల్చర్ రిపోర్టు రాలేదని కూర్చోకండి. మాట తడబడి మనిషి మత్తుగా అయిపోయినా, పొట్ట కింద ఉబ్బి మూత్రం అసలు రాకపోయినా అంతే. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే బండి కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్ళిపోవాలి. కాట్రేనికోన నుంచి అమలాపురం ఎంతసేపు? అక్కడ కుదరదంటే కాకినాడ జీజీహెచ్, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రి. డ్రిప్‌లో యాంటీబయాటిక్ ఎక్కించాల్సిన జబ్బుకి ఆర్‌ఎంపీ గారు సైకిలేసుకొచ్చి వేసే ఒక్క ఇంజెక్షన్ చాలదు. ఆయన మంచివాడే, కాదనను, పిలిస్తే అర్ధరాత్రైనా వస్తాడు.

ఇంకో ముక్క, నువ్వు దాటేసే రకానివి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మంటలో మూత్రం ఎర్రగా రావచ్చు, అది ఇన్ఫెక్షన్‌తో పాటే పోవాలి. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా రక్తం కనబడినా, నొప్పీ మంటా ఏమీ లేకుండా ఒక్కసారి ఎర్రగా వచ్చి మాయమైనా, "పోయిందిలే" అనుకోకూడదు. మూత్రాశయం క్యాన్సర్‌కి పెద్ద కారణం పొగే, నీకు పాతికేళ్ళ సిగరెట్ల చరిత్ర. అలా వస్తే యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాల్సిందే. అలాగే మంట తగ్గట్లేదు, చీముకణాలు కనబడుతున్నాయి, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగట్లేదు అంటే మూత్రంలో టీబీకి కూడా చూడమంటారు. మన దేశంలో అది మర్చిపోకూడని సంగతి.

మీ ఆవిడకి ఎప్పుడైనా ఇలాంటిది ఆరు నెలల్లో రెండుసార్లో, ఏడాదిలో మూడుసార్లో వస్తే ఆవిడకీ చూపించాలి. నెలసరి ఆగిపోయాక పదేపదే వచ్చేవాళ్ళకి వేరే వైద్యం ఉంది, సిగ్గుపడి దాచుకుంటారు గానీ. మీ అమ్మాయి గర్భిణి కదా, తనకైతే లక్షణాల్లేకపోయినా మూత్రంలో క్రిమి కనబడితే మందు వాడతారు. మామూలుగా ఏ బాధా లేనివాళ్ళకి రిపోర్టులో క్రిమి కనబడిందని మందు వాడక్కర్లేదు, అది వేరే గొడవ.

సరే, సోమవారం పొద్దున్నే రా. శనివారం ఇస్తే మర్నాడు ప్లేటు చూసేవాళ్ళు ఉండరు. సీసా మేమే ఇస్తాం, ఇంట్లో దగ్గు మందు సీసా కడిగి తేకు. ముందు కాస్త వదిలేసి మధ్య ధార పట్టాలి, మూత లోపల వేలు పెట్టకూడదు. కొత్త కోర్సు ఒక్క మాత్ర కూడా వేసుకోకుండా వస్తే మంచిది. ఈలోగా జ్వరం తగిలితే సోమవారం మాట మర్చిపో, పైన రాసినట్టు చెయ్యి. పాత చీటీలు, షుగర్ మందుల అట్టలు అన్నీ సంచిలో వేసుకో. ఖాళీ చేతులతో రాకు, ఒక కిలో రొయ్యలు కూడా వేసుకో, కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) ఎంతున్నా పర్లేదు.

నీ
రాంబాబు